వాకిట నిలిచే కెపాసిటరు

శాంటా క్లారా పేరు వినగానే తెలుగువారి మనస్సులో మొదట మెదిలేవి మైక్రోప్రాసెసర్లు, సాఫ్ట్‌వేరు కొలువులు. కాని ఎంతటి ప్రాసెసరైనా తనకు కావలసిన వోల్టేజి నిలకడగా అందనినాడు కదలదు, మెదలదు. ఆ నిలకడను కల్పించే వోల్టేజి రెగ్యులేటర్ల చరిత్రలో కూడ ఈ నగరానికి విశిష్ట స్థానమున్నది. 1968లో తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తరలించిన నేషనల్ సెమికండక్టర్ సంస్థ, అనంతర కాలంలో ‘సింపుల్ స్విచర్’ అనే పేరుతో ఒక రెగ్యులేటర్ల శ్రేణిని వెలువరించింది. వానిలో ఎల్ఎం 2576 లోకప్రసిద్ధి పొందినది. 2011లో ఆ సంస్థ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో విలీనమైనా, ఆ చిప్పు మాత్రం నేటికీ తయారవుతూనే ఉన్నది.

ఆ శ్రేణి పేరులోనే ‘సులభం’ అనే భావం ఉన్నది. ఒక చిప్పు, ఒక తీగచుట్ట, ఒక డయోడు, రెండు కెపాసిటర్లు ఉంటే చాలు, రెగ్యులేటరు సిద్ధమవుతుంది. అయితే ఈ సౌలభ్యమే ఒక పొరపాటుకు దారితీసింది. ఎల్ఎం 2576 సాధారణ వలయంలో ఇన్‌పుట్ వైపు 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు, అవుట్‌పుట్ వైపు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు కనిపిస్తాయి. పెద్దదానికి పెద్ద పని, చిన్నదానికి చిన్న పని అని చూచినవారు సహజంగానే భావిస్తారు. వాస్తవం ఇందుకు పూర్తిగా విరుద్ధం.

ఒక గృహస్థుని పెరటిలోని నీటి గాబును తలచుకొంటే ఈ విషయం తేటపడుతుంది. వీధి కుళాయి నుండి నీరు సన్నని ధారగా ఎడతెగక వస్తుంది. ఇంటివారు మాత్రం బిందెలకొద్దీ ఒక్కసారిగా తోడుకొంటారు. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది గాబు. స్విచింగ్ రెగ్యులేటరు కూడ ఇటువంటి ఇల్లే. ఎల్ఎం 2576లోని స్విచ్చి సెకనుకు 52 వేల మారులు మూసుకొని తెరచుకొంటుంది. మూసుకొన్నప్పుడు లోడుకు కావలసిన ప్రవాహమంతటినీ లాగుతుంది. తెరచుకొన్నప్పుడు ఏమీ లాగదు. సరఫరా నుండి వచ్చే పొడవాటి తీగలు ఇంత వేగంగా మారే ప్రవాహాన్ని అందించలేవు. ఆ లోటును భర్తీ చేసేది వాకిట నిలిచిన ఇన్‌పుట్ కెపాసిటరే. అవుట్‌పుట్ వైపున తీగచుట్ట ముందే ప్రవాహాన్ని మృదువుగా మలుస్తుంది కనుక అక్కడి కెపాసిటరుకు శ్రమ తక్కువ.

ఇది లెక్కకు అందే విషయమే. 12 వోల్టుల నుండి 5 వోల్టులు, 3 ఆంపియర్ల లోడు, 100 మైక్రోహెన్రీల తీగచుట్ట అనుకొందాం. అవుట్‌పుట్ కెపాసిటరులో పారే హెచ్చుతగ్గుల ప్రవాహం, అనగా రిపుల్ కరెంటు, ఆర్.ఎం.ఎస్. విలువలో సుమారు 0.16 ఆంపియరు. ఇన్‌పుట్ కెపాసిటరులో పారేది దాదాపు 1.5 ఆంపియర్లు. పదవ వంతు మైక్రోఫారడ్లు గల చిన్నది తొమ్మిది రెట్ల ప్రవాహాన్ని మోస్తున్నదన్నమాట!

మోసినందుకు ఫలితం వేడి. ప్రతి కెపాసిటరులోను కొంత అంతర్నిరోధం ఉంటుంది. అది 0.1 ఓము అయితే పై ప్రవాహానికి పావు వాట్టుకు కొంచెం తక్కువ వేడి పుడుతుంది. అల్యూమినియం ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరులోని ద్రవం ఆ వేడికి క్రమంగా ఆరిపోతుంది. ద్రవం ఆరినకొద్దీ నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది. చివరకు డబ్బా తల ఉబ్బుతుంది.

ఈ సందర్భంలో ప్రవాసాంధ్రులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటున్నది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ జాతి కెపాసిటరు ఆయుర్దాయం సుమారుగా సగమవుతుందని ఇంజనీర్లు లెక్కకడతారు. 105 డిగ్రీల వద్ద 2000 గంటలు పనిచేయగల కెపాసిటరును తీసుకొందాం. శాంటా క్లారాలో 25 డిగ్రీల గదిలో అది 65 డిగ్రీల వేడితో ఉంటే 32 వేల గంటలు, అనగా మూడున్నర సంవత్సరాలకు పైగా, ఎడతెగక పనిచేస్తుంది. అదే పరికరం విజయవాడలోనో, రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో 85 డిగ్రీలకు చేరితే 8 వేల గంటలే మిగులుతాయి. ఆ వేడిమే నిలిచి ఉన్నట్లయితే పదకొండు నెలలకే దాని కథ ముగుస్తుంది. ఇక్కడి చల్లని ప్రయోగశాలలో నెగ్గిన వస్తువు, అక్కడి తల్లిదండ్రుల ఇంట మొదటి వేసవులకే మూలపడటానికి ఇటువంటి కారణం కూడ ఉండవచ్చును.

కనుక ఇన్‌పుట్ కెపాసిటరును ఎన్నుకొనేటప్పుడు “ఎన్ని మైక్రోఫారడ్లు?” అన్నది రెండవ ప్రశ్న. “ఎంత రిపుల్ కరెంటును, ఎంత వేడిలో మోయగలదు?” అన్నది మొదటి ప్రశ్న కావాలి. దురదృష్టవశాత్తు అనేక విడిభాగాల జాబితాలలో మైక్రోఫారడ్లు, వోల్టులు, ధర అనే మూడు గడులే కనిపిస్తాయి. కొనుగోలు విభాగంవారు ఆ మూడింటిని చూచి, “అదే విలువ, ధర తక్కువ” అని మరొక దానిని తెప్పిస్తారు. తప్పు వారిది కాదు. నాలుగవ గడి వ్రాయని ఇంజనీరుది.

ఖరీదైన పెద్ద కెపాసిటరును ప్రతిచోటా పెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే కదా అని కొందరు ఆక్షేపిస్తారు. లక్షలాది పరికరాలు తయారుచేసేవారికి ప్రతి సెంటూ విలువైనదే గనుక ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. కాని ఇక్కడ కోరుతున్నది దుబారా కాదు, లెక్క. అవుట్‌పుట్ వోల్టేజిని ఇన్‌పుట్ వోల్టేజితో భాగించగా వచ్చిన నిష్పత్తిని, ఒకటిలో నుండి ఆ నిష్పత్తిని తీసివేయగా మిగిలినదానితో గుణించి, వర్గమూలం కట్టి, లోడు ప్రవాహంతో హెచ్చిస్తే రిపుల్ కరెంటు దాదాపుగా తెలుస్తుంది. అంత ఓపిక లేనివారు లోడు ప్రవాహంలో సగం తీసుకొంటే చాలును. ఇన్‌పుట్ వోల్టేజి అవుట్‌పుట్‌కు రెట్టింపైనప్పుడు వచ్చే గరిష్ఠ విలువ అదే.

సిరామిక్ కెపాసిటర్లు వచ్చిన తరువాత ఈ చింత తీరిందని మరికొందరి వాదం. వాని అంతర్నిరోధం అత్యల్పం. ఆరిపోయే ద్రవమూ లేదు. అయినను అవి దోషరహితాలు కావు. వోల్టేజి పడగానే వానిలో అనేకం తమ మీద వ్రాసిన విలువలో పెద్ద భాగాన్ని కోల్పోతాయి. అంతకంటె మోసకరమైనది మరొకటి. శాంటా క్లారాకు పొరుగున ఉన్న మిల్పిటాస్‌లోని లీనియర్ టెక్నాలజీ సంస్థ 2001లో తన 88వ అప్లికేషన్ నోటులో దానిని వివరించింది. విద్యుత్తు ఉన్న తీగను హఠాత్తుగా తగిలిస్తే, తీగలోని ఇండక్టెన్సు, నిరోధం లేని సిరామిక్ కెపాసిటరు కలిసి ఊగిసలాడి, వోల్టేజిని రెండు రెట్ల వరకు ఎగదోయగలవు. 24 వోల్టులు 48 కావచ్చును. 40 వోల్టుల వరకే ఉద్దేశించిన చిప్పు అంతటితో సరి. ప్రక్కన ఒక ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరును ఉంచితే దాని అంతర్నిరోధమే ఆ ఊపును అణచుతుంది. ఒకచోట దోషమైనది మరొకచోట గుణమైనది! టాంటలం కెపాసిటర్లకు ఈ తాకిడి ఇంకా ప్రమాదకరం. అవి షార్టయి కాలిపోయిన సందర్భాలున్నవి. అందుకే వానిని వ్రాసిన వోల్టేజిలో సగానికే వాడటం అనుభవజ్ఞుల ఆచారం.

నేషనల్ సెమికండక్టర్‌లో దశాబ్దాలపాటు పనిచేసి 2011లో కన్నుమూసిన బాబ్ పీస్, అనలాగ్ వలయాల లోపాలను వెదకడంపై 1991లో వెలువరించిన గ్రంథంలో కెపాసిటర్లకు ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించారు. అంతటి నిపుణుడు చిన్న వస్తువును చిన్నచూపు చూడలేదు. ఈ లోయలో నేడు తెలుగు ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. వారు తయారుచేసే పరికరం ఏ ఊరి వేసవిలో బ్రతకవలసి ఉన్నదో ఆలోచించి, విడిభాగాల జాబితాలో ఆ నాలుగవ గడిని పూరించగలిగితే, ఎక్కడో ఒక ఇంటిలో ఒక దీపం మరికొన్నేళ్ళు వెలుగుతుంది.