బోర్లా తిప్పే ముందు మాకు చెప్పండి

పోస్టు కాస్త పెద్దది. ఇంట్లో ఎవరికైనా నడుం ఆపరేషన్ చెప్పి ఉంటే మాత్రం ఆఖరి వరకు చదవండి, చదవకుండా ఫార్వర్డ్ చేసి వదిలేయకండి.

బరంపురంలో మన తెలుగువాళ్లలో నడుంనొప్పి లేని ఇల్లు వెతికి పట్టుకోవాలి. గుంట మగ్గం మీద పట్టుచీర నేసే నడుము, గోపాలపూర్ ఒడ్డున వల లాగే నడుము, షాపు గల్లా దగ్గర పొద్దున్నుంచి రాత్రి దాకా వంగి కూర్చునే నడుము. మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాక కొందరికి ఆపరేషన్ అంటారు. ఇక అక్కడి నుంచి గ్రూపులో నడిచే చర్చ అందరికీ కంఠతా వచ్చు. ఎం.కె.సి.జి.లోనా, భువనేశ్వర్‌లోనా, విశాఖలోనా? సర్జను ఎవరు? స్క్రూలు ఏ కంపెనీవి? కార్డు పనిచేస్తుందా? ఇన్ని అడుగుతారు గాని, అన్ని గంటలు మనిషిని ఎలా పడుకోబెడతారు, అలా పడుకోబెట్టినప్పుడు ఒంట్లో రక్తం ఎలా తిరుగుతుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు అని ఒక్కరూ అడగరు. చాలా ఆసుపత్రులు వాటంతట అవి చెప్పవు. మా గొడవ ఈ రెండింటి మీదా.

సంగతి ఇది. వెన్నుపూస ఆపరేషన్ ఎక్కువగా వీపు వైపు నుంచి చేస్తారు కాబట్టి, మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేశాక మనిషిని బోర్లా తిప్పుతారు. మామూలు నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కితే మనకి తెలియకుండానే పక్కకి తిరుగుతాం. జనరల్ ఎనస్తీషియాలో ఆ కదలిక ఉండదు. కండరాలు సడలిపోతాయి, రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. అలాంటి మనిషి బరువంతా పొట్ట మీద పడితే? కాళ్ల నుంచీ నడుం కింద నుంచీ గుండెకి రక్తం తీసుకెళ్లే పెద్ద సిర పొట్ట లోపల, వెన్నుపూసకి ముందువైపు ఉంటుంది. పొట్ట నొక్కుకుంటే ఆ సిరా నొక్కుకుంటుంది. గుండెకి వచ్చే రక్తం తగ్గుతుంది, గుండె బయటికి పంపేదీ తగ్గుతుంది. దారి మూసుకుపోయిన రక్తం వేరే దారి వెతుక్కుంటుంది. వెన్నుపాము చుట్టూ వలలా అల్లుకున్న చిన్న సిరల్లోకి మళ్లుతుంది. అటు మళ్లకుండా ఆపడానికి ఆ సిరల్లో కవాటాలు లేవు. బాట్సన్ అనే అమెరికన్ అనాటమీ ప్రొఫెసర్ 1940లోనే ఈ సిరల దారిని వివరించాడు. సర్జను పనిచేసేది సరిగ్గా అక్కడే. సిరలు ఉబ్బితే రక్తం ఎక్కువ పోతుంది, లోపల సరిగ్గా కనపడదు, ఆపరేషన్ సాగుతుంది.

అందుకే ఛాతీ కింద, తుంటి ఎముకల కింద మెత్తలు పెట్టి, పొట్టకి ఏదీ తగలకుండా వేలాడేలా చేస్తారు. 1967లో టొరంటోలో రెల్టన్, హాల్ అనే ఇద్దరు డాక్టర్లు నాలుగు మెత్తల ఫ్రేము గురించి రాశారు. దాన్ని తయారుచేసిందే రక్తస్రావం తగ్గించడానికి. అంటే ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. చేతులు భుజం దగ్గర మరీ పైకి లాగకూడదు, మోచేతి కింద మెత్త ఉండాలి, మెడ ఒక పక్కకి మెలిపడకూడదు, కళ్ల మీద ఏదీ ఒత్తకూడదు. ఇవన్నీ చూసేది మత్తు డాక్టరూ, థియేటర్లో ఉన్న మిగతా వాళ్లూ. మనవాళ్లేమో మత్తు డాక్టరంటే సూది వేసి వెళ్లిపోయే మనిషి అనుకుంటారు. ఆపరేషన్ జరిగినంతసేపూ గుండె, బీపీ, ఊపిరి ఆ మనిషి చేతిలోనే ఉంటాయి.

కంటి సంగతి విడిగా చెప్పాలి. నడుం ఆపరేషన్‌కి వెళ్లి చూపు పోగొట్టుకోవడం చాలా అరుదు. కానీ జరుగుతుంది. అమెరికాలో మత్తు డాక్టర్ల సంఘం 1999లో ఇలాంటి కేసుల కోసం ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టింది. వెన్నుపూస ఆపరేషన్ తర్వాత చూపు పోయిన 93 కేసుల వివరాలు 2006లో అచ్చయ్యాయి. అందులో 83 మందికి కంటి నరానికి రక్తం చాలకపోవడమే జబ్బు. 96 శాతం కేసుల్లో మత్తు ఆరు గంటలో అంతకు మించో సాగింది, లేదా లీటరో అంతకన్నా ఎక్కువో రక్తం పోయింది. తలని పిన్నులతో పట్టి ఉంచి, ముఖానికి ఏదీ తగలని వాళ్లలో కూడా కొందరికి చూపు పోయింది. అంటే ఒక్క కన్ను ఒత్తుకోవడమే కాదు, రక్తప్రసరణ సంగతి కూడా ఉంది. తల గుండె కంటే కిందికి వాలకుండా చూడడం, మరీ పొడుగు ఆపరేషన్‌ని వీలైతే రెండు విడతలు చేయడం లాంటి జాగ్రత్తలు ఆ సంఘమే చెప్పింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మనవాళ్లలో ఒకరు ఆపరేషన్ అయ్యి లేచాక చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారి నెలల తరబడి బాధపడ్డారు. ఇంట్లోవాళ్లు ఎవరిని అడిగినా ఒకటే మాట, "మత్తు ఎక్కువైంది". ఈ మాట మీద మాకు ఒళ్లు మంట. ఆ రెండు వేళ్లకి వెళ్లే నరం మోచేతి దగ్గర చర్మం కిందే ఉంటుంది. ఒత్తుకుందా, లాగబడిందా, ముందే బలహీనంగా ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న. మత్తు ఎక్కువైంది అనేస్తే అడగాల్సింది ఏమీ మిగలదు, జవాబు చెప్పాల్సిన వాళ్లూ ఉండరు.

ఇక సంతకం. ఆపరేషన్ ముందురోజు రాత్రి ఇంగ్లీషు కాగితం ఇచ్చి ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే పెద్దావిడకి ఆ కాగితంలో ఏం తెలుస్తుంది? సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది: చికిత్స ఏమిటి, లాభమేమిటి, పెద్ద ప్రమాదాలేమిటి, వేరే దారి ఉందా అన్నవి చెప్పాకే సమ్మతి తీసుకోవాలి. చాలా అరుదైన, ఊహకి మాత్రమే అందే ప్రమాదాలన్నీ చెప్పి భయపెట్టక్కర్లేదని కూడా ఆ తీర్పే అంది. సరే, ఒప్పుకుంటాం. కానీ బోర్లా పడుకోబెడతామని, దానికి ఈ జాగ్రత్తలు తీసుకుంటామని చెప్పడం భయపెట్టడం ఎలా అవుతుంది?

"ఇవన్నీ చెబితే పేషెంటు పారిపోతాడు" అంటారు కొందరు. తుపాను రోజుల్లోనూ సముద్రం మీద బతికినవాళ్లు మనవాళ్లు, నాలుగు మెత్తల సంగతి వింటే పారిపోరు. "డాక్టరుకి కోపం వస్తుంది" అంటారు ఇంకొందరు. మంచి మత్తు డాక్టరుకి ఈ ప్రశ్నలంటే ఇష్టమే, ఎందుకంటే జవాబులు చెబుతూ తనకి కావలసినవి రాబట్టుకుంటాడు. మనవాళ్లు దాచేవి తక్కువా? గుట్కా దాస్తారు, మందు దాస్తారు, పదేళ్లుగా వేసుకుంటున్న బీపీ మాత్ర ఒక్కోసారి మాత్రమే అంటారు, గుండెకి రాసిన రక్తం పలచబడే మాత్ర సంగతి ఎత్తరు. రక్తం తక్కువ పోవడానికి కావాలనే బీపీ కొంత తగ్గించి ఉంచే పద్ధతి ఒకటుంది. ఏళ్లుగా బీపీ ఉన్న మనిషికి అది ఎంతవరకు తగ్గించొచ్చో నిర్ణయించాలంటే అసలు నిజం తెలియాలి కదా. ఏ మాత్ర ఆపాలో, ఏది ఆ పొద్దున్న కూడా వేసుకోవాలో చెప్పాల్సింది డాక్టరు. మెడికల్ షాపు కుర్రాడు కాదు, మన గ్రూపు కూడా కాదు.

కాబట్టి వచ్చే మీటింగులో మేము పెట్టబోయే తీర్మానం ఇది. వైద్య సాయం కోసం సంఘానికి వచ్చేవాళ్లకి డబ్బుతో పాటు ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. అందులో మత్తు డాక్టరుని అడగాల్సినవి ఉంటాయి: ఎన్ని గంటలు బోర్లా ఉంటారు, పొట్ట ఒత్తుకోకుండా ఏం పెడతారు, కళ్లూ చేతులూ ఎవరు చూస్తారు, రక్తం ఎంత సిద్ధంగా ఉంచుతారు, లేచాక చూపు, చేతులు, కాళ్లు ఎవరు పరీక్షిస్తారు. కాగితం వెనక రోగి చెప్పాల్సినవి: మాత్రలు, అలవాట్లు, గ్లకోమా, షుగరు, అంతకు ముందు అయిన ఆపరేషన్లు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చిన కుర్రవాళ్లు మనలో బోలెడుమంది. సంతకం పెట్టే రోజు ఒకరు పక్కన ఉండాలి. కాగితం ప్రింటయ్యే ముందు మన సభ్యుల్లో ఉన్న డాక్టర్లు దిద్దిపెట్టాలి. తీర్మానం మీద అభ్యంతరం ఉన్నవాళ్లు మీటింగుకి వచ్చి చెప్పండి, వింటాం.