ఇంటి లెక్కలు: ఆరు బొంతల ఖాతా

గత సంచికలో పింఛను కాగితాల గురించి రాశాను. అది చదివిన సభ్యులు కొందరు "బ్యాంకు సంగతులు చాలు, ఈసారి ఇంటి సంగతి ఏదైనా రాయండి" అన్నారు. రాద్దామని కూర్చుంటే ఒక్కటే గుర్తుకొచ్చింది. మూత్రం గురించి పత్రికలో ఏం రాస్తామని మొదట జంకాను. అయినా రాస్తున్నాను. ఈ సంగతి దాచుకోవడం వల్లే మా ఇంట్లో లెక్క తప్పింది మరి.

మేముండేది కోరమండల్‌లో. నాన్నగారు గనుల్లో పనిచేసిన రోజుల నుంచీ ఈ చుట్టుపక్కలే ఉన్నాం. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక తెలిసినవాళ్లు చాలామంది బెంగుళూరు చేరారు, మేం కదల్లేదు. ఇంట్లో నేను, నా భార్య, ఎనభై దాటిన అమ్మ, జూలీ. జూలీ తొమ్మిదేళ్ల ఆడకుక్క. వీధిలో దొరికిన పిల్లే, ఇప్పుడు 22 కిలోలు తూగుతుంది. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం.

నిరుడు వానాకాలంలో అది పడుకుని లేచిన చోట తడి కనిపించసాగింది. నేను కసిరాను. అది తల వంచుకుని మంచం కిందికి దూరింది. రోజూ ఇదే వరస. ఒక రాత్రి భోజనాల దగ్గర విసుగు పట్టలేక అనేశాను: "పక్క తడిపేదాన్ని ఇంట్లో ఎన్నాళ్లని పెట్టుకుంటాం? ముళబాగిలు దగ్గర తెలిసినవాళ్ల తోట ఉంది కదా, అక్కడ వదిలేద్దాం." నా భార్య నా వంక చూసి ఊరుకుంది. అమ్మ గ్లాసులో నీళ్లు మిగిల్చి లేచిపోయింది.

మర్నాడు నా భార్య, "వదిలే ముందు ఒక్కసారి డాక్టరుకు చూపించండి" అంది. తీసుకెళ్లాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "సార్, మెలకువగా ఉన్నప్పుడు పోస్తోందా, నిద్రలో కారిపోతోందా?" నాకు తెలియదు. "రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుంది?" అదీ తెలియదు. ముప్పై ఏళ్లుగా అంకెలతో బతుకుతున్నవాణ్ణి, ఇంట్లో ప్రాణి గురించి ఒక్క అంకె చెప్పలేకపోయాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. తెలిసి పోయడం వేరు, తెలియకుండా కారడం వేరు. భయపడి పోసేది, హద్దు గుర్తుకు పోసేది అలవాటు కిందికి వస్తాయి. నిద్రలో కారేది జబ్బు. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నింటికి, ముఖ్యంగా 20 కిలోలు దాటినవాటికి, హార్మోను తగ్గి మూత్రనాళం బిగువు సడలుతుంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. అలాగని ఆపరేషన్ తప్పు కాదు, గర్భసంచిలో చీము పట్టే ప్రాణాపాయాన్ని అదే తప్పిస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ జబ్బు, వెన్ను జబ్బు ఉన్నా, స్టిరాయిడ్ మందులు వాడుతున్నా తడపవచ్చు. అందుకని ముందు పరీక్ష, తర్వాతే మందు.

ఇంటికొచ్చి పాత లెడ్జరు ఒకటి తీశాను. తేదీ, తాగిన నీళ్లు, బయటికి తీసుకెళ్లిన వేళ, తడి నిద్రలోనా మెలకువలోనా. నీళ్లు కొలిచి పోసి, సాయంత్రం మిగిలింది తీసేస్తే తాగినది తెలుస్తుంది. కుక్క రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు మించి తాగుతుంటే జబ్బేదో ఉందని అనుమానించాలట. జూలీ లెక్కన 2.2 లీటర్లు. అది తాగేది 1.3 లీటర్లే. తడి అంతా నిద్రలోనే. పొద్దుటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి ఇస్తే ఇన్ఫెక్షన్ బయటపడింది, చక్కెర లేదు.

ఇక ఇంటి పద్ధతి. నా భార్య పాత చీరలతో ఆరు బొంతలు కుట్టింది. కింద రెక్సిన్ షీటు, పైన బొంత. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా మనది, కొళాయి నీళ్లు లెక్కగా వాడాలి. అందుకని తడిసిన బొంత ముందు కొద్ది నీళ్లలో జాడించి, కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేస్తాం. నేల మీద ఫినాయిల్ మానేశాం, అది పాదాలకంటితే కుక్క నాకుతుంది. తడిసిన ఒళ్లు గోరువెచ్చని నీళ్లతో కడిగి పొడిగా తుడవాలి. లేదంటే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది, ఈగలు వాలతాయి. పడుకునే ముందు పదిన్నరకు, పొద్దున అయిదుకు బయటికి తీసుకెళ్లాలి. నీళ్లు మాత్రం తగ్గించకూడదు. మన ఇంట్లో ఉండే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు వేయకూడదు, కుక్కకు విషమవుతాయి. ముక్కుతూ చుక్కలే పోస్తున్నా, అసలు రాకపోయినా, రక్తం పడినా తెల్లవారేదాకా ఆగకండి.

ఇన్ఫెక్షన్ మందు పూర్తయింది. లెడ్జరులో వరసగా తొమ్మిది పొడి రాత్రులు. డాక్టరమ్మ చూసి "నయమైనట్టే, ఇక మందు వద్దు" అన్నారు. నేను సంబరపడ్డాను.

ఆ ఆదివారం పెరట్లో తీగ మీద మూడు బొంతలు కనిపించాయి. ఖాతా ప్రకారం ఒక్కటీ ఉతికి ఉండకూడదు. నగదు తేలకపోతే ఇంటికి వెళ్లలేని ఉద్యోగం నాది, ఊరుకోలేకపోయాను. మర్నాడు నాలుగింటికే లేచాను. స్నానాలగదిలో దీపం వెలుగుతోంది. అమ్మ పీట మీద కూర్చుని జూలీ బొంత జాడిస్తోంది.

"ఇదేంటమ్మా, ఈ వేళప్పుడు?"

"దాన్ని తోటకి పంపిస్తానంటివి కదప్పా. తడి కనపడకుంటే పంపవులే అనుకుంటిని."

బొంత తీసుకుందామని వంగితే బకెట్టులో దాని కింద అమ్మ దుప్పటి ఉంది. ఆవిడ దాన్ని చేత్తో లోపలికి నొక్కింది. నేను చూశానని ఆవిడకు తెలిసింది. కాసేపటికి అడిగింది: "డాక్టరమ్మ జూలీకిచ్చే మాత్ర, మనుషులకి కూడా ఉంటుందా?"

రెండేళ్లుగా సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానుకుందట. పెళ్లిళ్లకు రాననడం, ముళబాగిలు బస్సెక్కననడం అందుకే. వయసు వల్ల అనుకున్నాం మేము. ఆ రాత్రి నేనన్న మాట జూలీకి అర్థం కాలేదు, అర్థమైంది అమ్మకే.

కుక్క మందు మనుషులకు కాదు, మనుషుల మందు కుక్కకు కాదు. జూలీ లెడ్జరు దిద్ది మళ్లీ చూపిస్తే, మూత్రనాళాన్ని బిగించే ఫినైల్‌ప్రొపనోలమైన్ రాశారు. ఇలాంటి కుక్కల కోసం ఆ మందునూ, ఈస్ట్రియోల్ అనే హార్మోనునూ అమెరికాలో 2011లో ఆమోదించారట. రక్తపోటు, గుండె చూసి ఇవ్వాల్సిన మందు కనుక సొంతంగా కొనవద్దు. అమ్మను స్త్రీల డాక్టరుకు చూపించాం. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి తిత్తికి మంట పుట్టి ఇంకా తొందర పెడుతుందని ఆవిడ చెప్పారు. కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పారు. వయసు వచ్చిందని సరిపెట్టుకోవాల్సిన బాధ కాదన్నారు.

ఇప్పుడు జూలీకి నెలలో ఒకటి రెండు రాత్రులు తడుస్తుంది. అది లెడ్జరులో ఎక్కుతుంది, కసురు ఎక్కదు. అమ్మ సంగతి ఆవిడను అడిగే ఇంతవరకు రాశాను, మిగతాది ఆవిడది. రాత్రి భోజనంలో గ్లాసు ఖాళీ చేస్తోందని మాత్రం చెప్పగలను.

మీ ఇంట్లో పెద్దలు ప్రయాణాలు తప్పించుకుంటున్నా, నీళ్లు మిగులుస్తున్నా ఒకసారి మెల్లగా, పక్కకు పిలిచి అడగండి. అంతకంటే ముందు, కుక్కను కసరడం మానండి. వింటున్నది అదొక్కటే కాదు.

వచ్చే సంచికలో లాకరు నామినేషన్ గురించి.