మిస్ట్ ద్వీపానికి పునర్యాత్ర

ఒకసారి విప్పిన ప్రహేళికను మరల విప్పడంలో రసమేముంది? సాహస క్రీడల విషయంలో ఈ ప్రశ్నకు లోకం సాధారణంగా ఇచ్చే సమాధానం ‘ఏమీ లేదు’ అనే. పోరాట క్రీడలో అభ్యాసంతో నైపుణ్యం పెరుగుతుంది గనుక దానిని నూరుసార్లైనా ఆడవచ్చుననీ, ప్రహేళికలే ప్రాణమైన క్రీడ మాత్రం రహస్యం తెలిసిన క్షణానే నిర్జీవమవుతుందనీ అంటారు. ఈ వాదం పైకి సమంజసంగానే కనిపిస్తుంది. కానీ ముప్పది సంవత్సరాల వయస్సు దాటిన ‘మిస్ట్’ అనే వీడియో గేమ్‌ను నిదానంగా పరిశీలిస్తే ఇది ఎంత దుర్బలమో బోధపడుతుంది.

రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే సోదరులు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తమ ‘సయాన్’ సంస్థ ద్వారా నిర్మించిన ఈ క్రీడ 1993 సెప్టెంబరులో మాకింటోష్ కంప్యూటర్ల కోసం వెలువడింది. హైపర్‌కార్డ్ అనే సాధనంతో సుమారు 2,500 నిశ్చల చిత్రాలను ఒకదానితో ఒకటి అనుసంధించి దీనిని కూర్చారు. చిత్రంపై ఒకచోట నొక్కితే తరువాతి చిత్రం వస్తుంది. నడక అంటే అంతే. ఇందులో ఆయుధం లేదు, శత్రువు ఎదురుపడడు, కాలపరిమితి లేదు, అంకెల లెక్క లేదు. అలాంటి ప్రశాంతమైన క్రీడ 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, 2002లో ‘ద సిమ్స్’ అధిగమించేవరకు కంప్యూటర్ క్రీడల విక్రయాలలో ప్రథమస్థానంలో నిలిచింది.

కథ స్వల్పం. క్రీడాకారుడు ఒక పుస్తకాన్ని స్పృశించి నిర్జనమైన ద్వీపానికి చేరుతాడు. అక్కడి గ్రంథాలయంలో ఎర్రని పుస్తకం ఒకటి, నీలి పుస్తకం ఒకటి ఉంటాయి. ఒకదానిలో సిరస్, మరొకదానిలో అకెనార్ అనే అన్నదమ్ములు బందీలై ఉంటారు. తన వర్ణపు పుటలు తెచ్చి తనను విడిపించమని ప్రతివాడూ వేడుకుంటాడు. రెండవవాడు దుష్టుడనీ హెచ్చరిస్తాడు. ఆ పుటలు నాలుగు లోకాలలో దాగి ఉంటాయి. ఆ లోకాలకు ఈ క్రీడలో ‘యుగాలు’ అని అర్థమిచ్చే పేరే పెట్టారు. వాటికి ద్వారాలైన గ్రంథాలను రచించినవాడు ఆ సోదరుల తండ్రి ఆట్రస్. అతడు మరొక ఆకుపచ్చని పుస్తకం ఆవల చిక్కుకుని, ఒక తెల్లని పుట కోసం నిరీక్షిస్తుంటాడు.

బాల్యంలోనో యౌవనంలోనో ఈ ద్వీపంలో సంచరించినవాడు ఇరువది సంవత్సరాల తరువాత మరల అడుగుపెడితే సాధారణంగా జరిగేది నిరాశ. రేవును తాకే అలల సవ్వడి అదే, గాలి హోరు అదే. కానీ చేయి తనంతట తానే సరైన మీట వైపు సాగుతుంది. మునుపు వారాల తరబడి పట్టిన సమస్య క్షణంలో విడిపోతుంది. అనంతంగా తోచిన ద్వీపం నాలుగడుగుల నేలగా కుంచించుకుపోతుంది. ‘ఆట పాతబడిపోయింది’ అని తీర్పు చెప్పి యంత్రాన్ని ఆర్పివేస్తాడు.

ఈ తీర్పులో దోషం ఉంది. అతడు వెతుక్కుంటూ వచ్చింది ద్వీపాన్ని కాదు, ఆ ద్వీపాన్ని మొదట చూసిన నాటి తన చిత్తస్థితిని. ఆ విస్మయం చిత్రాలలో ఉన్న ధర్మం కాదు. తెలియనితనానికీ తెలుసుకోవాలనే ఉత్కంఠకూ నడుమ జనించిన వృత్తి అది. తెలియనితనం తొలగిన వెనుక అదే విస్మయం కావాలనుకోవడం, దీపం వెలిగించి చీకటిని చూపించమనడం వంటిది. క్రీడలో ఒక సోదరుని మాట నమ్మి అతని పుస్తకాన్ని పూర్తిచేసినవాడు ఆ సోదరుని స్థానంలో తానే బందీ అవుతాడు. గతాన్ని యథాతథంగా తిరిగి పొందాలని వచ్చేవాని గతి కూడా ఇంచుమించు అదే. వాసన అతనిని పిలుస్తుంది, అతడు దానిని విడిపించబోయి తానే అందులో చిక్కుకుంటాడు.

అయితే పునర్యాత్ర వలన ప్రయోజనమేమి? దానికి సమాధానం ఆ తెల్లని పుటలోనే ఉంది. నాలుగు యుగాలు తిరిగి, ఎర్రని పుటలూ నీలి పుటలూ మోసి తెచ్చిన తరువాత తెలిసే విషయమేమంటే, నిజంగా అవసరమైన తెల్లని పుట ఆ యుగాలలో ఎక్కడా లేదు. అది మొదట కాలుపెట్టిన ద్వీపంలోనే ఉంది. ద్వీపమంతటా నిలిపిన ఎనిమిది మీటలను పైకెత్తి, రేవు దగ్గరి మీటను మాత్రం దించితే అది దాగిన అర తెరుచుకుంటుంది. ఆకుపచ్చని పుస్తకం సైతం ఆ గ్రంథాలయంలోనే, చలిమంట గూటి వెనుక ఉంది. తెలిసినవాడు ఏ యుగానికీ పోకుండా కొద్ది నిమిషాలలో క్రీడను ముగించగలడు. మెడలోని హారాన్ని మరచి ఊరంతా వెతికినవాని కథను వేదాంతులు కంఠచామీకర న్యాయమంటారు. దానికి ఇంతకంటె చక్కని దృశ్యరూపం వీడియో క్రీడలలో దొరకడం అరుదు. మొదటిసారి ఆడేవానికి ఇది కథలోని మలుపు మాత్రమే. రెండవసారి వచ్చినవాడు ఆ మీటల ప్రక్కగా నడుస్తున్నప్పుడే ‘వెతుకుతున్నది ఇక్కడే ఉంది’ అని ఎరిగి నడుస్తాడు. ఈ అనుభవం పునర్యాత్రికునికి మాత్రమే దక్కుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. అలాగైతే ఎవరో వ్రాసిపెట్టిన పరిష్కార పుస్తకం చూసి సంకేతాలు కంఠస్థం చేసినవాడూ, స్వయంగా శోధించినవాడూ సమానులేనా? కారు. తెల్లని పుట లేకుండా, సంకేతం మాత్రమే తెలిసి ఆట్రస్ దగ్గరకు పోయినవాడు అతనితో పాటు అక్కడే చిక్కుపడతాడు. సగం తెలివికి క్రీడ ఇచ్చే ఫలం అది. 2020లోనూ 2021లోనూ సయాన్ సంస్థ వెలువరించిన నూతన రూపంలో ఈ భేదం ఇంకా స్పష్టమైంది. ఆ రూపంలో కోరుకున్నవారికి ప్రహేళికల సమాధానాలు ప్రతి ఆటలో మారేటట్లు ఏర్పాటు చేశారు. కంఠస్థమైన అంకెలు అక్కడ పనికిరావు. ధ్వనిని ఏ విధంగా వినాలో, యంత్రం ఏ సూత్రంపై తిరుగుతుందో గ్రహించినవానికి మాత్రం అంకెలు మారినా దారి మారదు. విన్నదానికీ, మననంతో స్వంతమైనదానికీ మధ్య గల దూరాన్ని సాధకులు ఎరుగుదురు; ఆ క్రీడ దానినే పరీక్షగా పెట్టింది.

పునర్దర్శనం వలన కలిగే మరొక లాభం వివేకం. మొదటిసారి క్రీడాకారుని చూపంతా పుట మీదే. ఆ పుటలు దొరికే గదులను అతడు సరిగా చూడడు. సిరస్ నివాసాలలో పోగుపడిన ధనమూ భోగసామగ్రీ, అకెనార్ నివాసాలలో ఆయుధాలూ హింసాసాధనాలూ మొదటినుండీ కళ్ళెదుటే ఉన్నాయి. ఒకడు లోభమూర్తి, మరొకడు క్రౌర్యమూర్తి. ‘వీరిలో ఎవరిని నమ్మాలి?’ అని తర్కించేవానికి ‘ఇద్దరినీ నమ్మరాదు’ అనే మూడవ సమాధానం తోచదు. ఫలాపేక్ష చూపును ఎంత సంకుచితం చేస్తుందో ఆ గదులు నిరూపిస్తాయి. ఫలం ముందే తెలిసి, దానిపై ఆత్రం లేనివాడు వచ్చినప్పుడే ఆ గోడలు మాట్లాడతాయి.

చివరిగా విచారించవలసినది ఒకటుంది. 1993 నాటి నిశ్చల చిత్రాలు 2000లో ‘రియల్‌మిస్ట్’ పేరుతో స్వేచ్ఛగా తిరిగి చూడగల త్రిమితీయ రూపం దాల్చాయి. 2014లో అది మరింత మెరుగైంది. తరువాత కళ్ళకు ధరించే యంత్రంలోకీ ప్రవేశించింది. ఆడినవాని దేహం మారింది, కంటిచూపు మారింది, అభిరుచులు మారాయి. అయినా తెరపై ఆ రేవు కనిపించగానే ‘ఇది అదే’ అని గుర్తింపు కలుగుతుంది. దానితోపాటే ‘నాడు చూసినది నేనే’ అనే ఎరుక కూడా, ఏ తర్కమూ అక్కరలేకుండా, ఉదయిస్తుంది. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుడే వీడని పోల్చుకునేటప్పుడు నాటి దేశకాలాలనూ నేటి దేశకాలాలనూ విడిచి వ్యక్తిని గ్రహించినట్లే ఇది. మారినవన్నీ దృశ్యపు వైపున చేరగా, మారకుండా ఉండి వాటిని పోల్చుకున్నది ఏదో సాధకుడు విచారించవచ్చు. నూతన క్రీడ ఎంత అద్భుతమైనా ఈ విచారానికి అవకాశమివ్వదు. పోల్చుకోవడానికి అందులో పాతది ఏదీ ఉండదు.

తెల్లని పుటను అందుకున్న ఆట్రస్ క్రీడాకారునికి సింహాసనమో నిధినో ఇవ్వడు. ఆ గ్రంథాలయాన్నీ, అందులోని గ్రంథాలనూ ఇక తీరికగా, ఇష్టం వచ్చినట్లు చూడవచ్చునంటాడు. ఆ బహుమానాన్ని చూసి నాడు పెదవి విరిచినవారు అనేకులు. కానీ నిర్మాతలు పునర్యాత్రనే ఫలంగా ఉంచారు. సాధించవలసినది ఏమీ మిగలని తరువాత అదే ద్వీపంలో, అవే మెట్ల మీద, అదే గాలిలో తిరగడం అంతకు ముందరి పరుగు కంటె భిన్నమైనది. పాత క్రీడ వద్దకు మరల వెళ్ళదలచినవారు గెలుపునూ బాల్యాన్నీ గుమ్మం బయట విడిచి వెళ్ళాలి. అలా వెళ్ళినవారికి ద్వీపం చిన్నదిగా కనిపించదు.