రాజదండం కాదు, కాపరి కర్ర

పర్వదినాలలో క్రైస్తవ ప్రార్థనాలయాల నుంచి పత్రికలకు వచ్చే ఛాయాచిత్రాలను గమనించినవారికి ఆ రూపం పరిచితమే. పొడవాటి అంగీ, శిరస్సుపై కోసుగా పైకి లేచిన శిరోభూషణం ధరించి బిషప్ నిలిచి ఉంటారు. ఆయన ఎడమచేతిలో నిలువెత్తు దండం ఒకటి ఉంటుంది. దాని పైకొస వంకీ తిరిగి ఉంటుంది. చూసినవారిలో చాలామంది దానిని అధికార చిహ్నమనీ, రాజుల చేతి రాజదండం వంటిదేననీ భావిస్తారు. క్రైస్తవులలోనూ అలా తలచేవారు లేకపోలేదు. నా దృష్టిలో ఆ దండం విషయమై ఉన్న అపోహలలో ఇదే పెద్దది. అది గొర్రెల కాపరి కర్ర. ఆ కర్రను రాజదండంగా మార్చాలని చూసినవారికీ, కర్రగానే నిలపాలని పట్టుబట్టినవారికీ మధ్య శతాబ్దాల పాటు సాగిన పెనుగులాటే దాని అసలు చరిత్ర.

ముందుగా ఆకారం సంగతి. మధ్యయుగంలో ఐరోపాలోని వ్యాఖ్యాతలు ఈ దండాన్ని మూడు భాగాలుగా చూసి ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థం చెప్పారు. పైనున్న వంకీ, దారి తప్పిన గొర్రెను తగిలించి దగ్గరకు తీసుకోవడానికి. నడుమనున్న నిటారు కర్ర, బలహీనులకు ఊతమివ్వడానికి. అడుగున లోహపు పొన్ను ఉంటుంది, దానికి మొన ఉంటుంది. మొరాయించి కదలని జీవాన్ని అదిలించడానికి అది. మన రైతు చేతి ముల్లుగర్ర చేసే పనే. ముల్లు అడుగున ఉందనీ, వంకీ పైన అందరికీ కనిపించేటట్లు ఉందనీ పాఠకులు గమనించాలి. శిక్ష లేకపోలేదు, కాని దాని స్థానం చివరిది.

దానిని పట్టుకొనే పద్ధతిలోనూ భావముంది. కుడిచేయి ఆశీర్వదించడానికి విడిగా ఉండాలి గనుక ఎడమచేత పట్టుకుంటారు. వంకీ ముఖం ప్రజల వైపు తిరిగి ఉంటుంది. కథోలిక సంప్రదాయం ప్రకారం బిషప్ తన పరిధిలోని మేత్రాసనంలోనే దండాన్ని ధరించాలి, అన్యుల మేత్రాసనానికి వెళ్లినప్పుడు అక్కడి బిషప్ సమ్మతి ఉండాలి. ఎవరి మందకు వారే జవాబుదారు గదా! ఊరేగింపులో నడిచేటప్పుడూ, సువార్త పఠనం ఆలకించేటప్పుడూ, ప్రవచనం చేసేటప్పుడూ అది చేతిలో ఉంటుంది. బలిపీఠం వద్ద ప్రధాన ప్రార్థనకు నిలిచినప్పుడు మాత్రం దానిని పరిచారకునికి అప్పగించి, వట్టి చేతులు చాచి నిలుస్తారు. ఈ ఒక్క నియమం చాలు, అది రాజదండం కాదని గ్రహించడానికి.

మన పాఠకులకు దండమనగానే యతీశ్వరులు స్ఫురిస్తారు. శంకర సంప్రదాయ యతుల చేతిలో ఏకదండం, శ్రీవైష్ణవ జీయర్ల చేతిలో త్రిదండం మనకు తెలిసినవే. చూపులకు పోలిక కనబడినా భావాలు వేరు. యతి దండం విడిచిపెట్టిన బంధాలకు గుర్తు. బిషప్ దండం తలకెత్తుకున్న బాధ్యతకు గుర్తు.

ఆ బాధ్యత ఎటువంటిదో బైబిలులోనే ఉంది. మోషేకు దైవ సాక్షాత్కారం కలిగినది మామ గొర్రెలను మేపుతున్న వేళ, ఆయన చేతిలో ఉన్నది కాపరి కర్రే. ఇరవై మూడవ కీర్తనలో దైవమే కాపరి, ఆయన చేతిలో దుడ్డుకర్ర, దండం రెండూ ఉన్నాయి. క్రీస్తు తనను తాను మంచి కాపరిగా చెప్పుకొన్న మాట, గొర్రెలను మేపమని పేతురుకు అప్పగించిన మాట యోహాను సువార్తలో కనిపిస్తాయి. అయితే నాకు వీటన్నిటికంటె ముఖ్యమనిపించేది యెహెజ్కేలు గ్రంథం ముప్పది నాలుగవ అధ్యాయం. అది కాపరులపై దేవుని అభియోగ పత్రం. మందను మేపక తమ కడుపులు నింపుకొన్నారనీ, గాయపడినదానికి కట్టుకట్టలేదనీ, తప్పిపోయినదానిని వెదకలేదనీ అక్కడ దైవమే నిలదీస్తాడు. దండం అందుకునే ప్రతి బిషప్ ఆ అధ్యాయాన్ని కూడా అందుకుంటున్నట్లే లెక్క.

ఈ దండం ఎక్కడ పుట్టిందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. బాటసారి చేతికర్ర నుంచి వచ్చిందని కొందరు, ప్రాచీన రోములో శకునాలు చూసేవారి వంకర కర్ర నుంచి వచ్చిందని కొందరు అంటారు. స్పెయిన్‌లోని టొలెడోలో 633లో జరిగిన మతసభ నాటికి మాత్రం అది బిషప్ పదవికి చిహ్నమై ఉంది. అన్యాయంగా పదవి కోల్పోయిన బిషప్‌ను తిరిగి నియమించేటప్పుడు ఉంగరంతో పాటు దండాన్ని కూడా మరల చేతికివ్వాలని ఆ సభ నిర్ణయించింది.

తరువాతి కాలంలో కర్రకు సొగసులు పెరిగాయి. దంతం, వెండి, ఎనామెల్ పని వచ్చి చేరాయి. గ్రీన్‌లాండ్‌లోని గార్దర్ వద్ద 1926లో తవ్వకాలు జరిపినప్పుడు ఒక బిషప్ సమాధిలో వాల్రస్ దంతంతో చెక్కిన దండశిరస్సు దొరికింది. ఐర్లండ్‌లోని లిస్మోర్ కోటలో 1814లో గోడలో మూసివేసి ఉన్న దండమొకటి బయటపడింది. పైన కంచు తొడుగు, గాజు పొదుగులు, లోపల మామూలు కొయ్య కర్ర. అలంకారం తప్పని నేననను. మన దేవుళ్లకు మనం చేయించే తొడుగులు తక్కువా? లోపల కర్ర ఉన్నదన్న స్పృహ పోయినప్పుడే చిక్కు.

ఆ చిక్కు పదకొండవ శతాబ్దంలో యుద్ధం దాకా వెళ్లింది. అప్పటికి బిషప్పులంటే గొప్ప భూస్వాములు కూడా. వారిని నియమించి, ఉంగరాన్నీ దండాన్నీ స్వహస్తాలతో అందించే అలవాటు రాజులకు ఏర్పడింది. కాపరి కర్ర రాజు చేతి మీదుగా వస్తే కాపరి ఎవరి మనిషి అవుతాడు? పోప్ ఏడవ గ్రెగరీ దీనిని నిషేధించారు. జర్మనీ రాజు నాలుగవ హెన్రీ ఎదిరించాడు, వెలివేతకు గురయ్యాడు, చివరకు 1077 జనవరిలో కానోస్సా కోట ముందు మంచులో మూడు రోజులు పశ్చాత్తాపంతో నిలిచాడు. అంతటితో తెగలేదు. 1122 సెప్టెంబరు 23న వోర్మ్స్ నగరంలో ఐదవ హెన్రీ చక్రవర్తికీ పోప్ రెండవ కాలిక్స్టస్‌కూ ఒడంబడిక కుదిరింది. ఉంగరం, దండం ఇచ్చే ఆచారాన్ని చక్రవర్తి వదులుకున్నాడు. భూములు, లౌకిక హక్కులు మాత్రం తన రాజదండంతో ప్రదానం చేస్తాడు. ఈ పరిష్కారం నాకెంతో అర్థవంతంగా తోస్తుంది. రెండు కర్రలూ ఒకటి కావని శాసనంగా రాసుకున్న రోజు అది. శాసనం రాసుకున్నంత మాత్రాన మనుషుల మనస్సులలో అవి విడిపోయాయని చెప్పలేను.

తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలలో వంకీకి బదులు ఎదురెదురుగా తలలెత్తిన రెండు సర్పాలు, నడుమ చిన్న సిలువ కనిపిస్తాయి. సర్పాల వలె వివేకులై ఉండండన్న క్రీస్తు బోధనూ, ఎడారిలో మోషే ఎత్తిన కంచు సర్పాన్నీ దానికి ఆధారంగా చూపుతారు. ఇక రోములోని పోప్ వంకీ దండాన్ని వాడరు. 1965లో పోప్ ఆరవ పౌలు సిలువపై క్రీస్తు ప్రతిమ గల వెండి దండాన్ని చేపట్టారు. పోప్ ఫ్రాన్సిస్ 2013 జులైలో లాంపెడూసా ద్వీపానికి వెళ్లి, సముద్రంలో మునిగిపోయిన వలసజీవుల కోసం పూజ జరిపినప్పుడు అటువంటి వలస పడవల చెక్కతో చేసిన దండాన్ని పట్టుకున్నారు. కాపరులకు గొర్రెల వాసన అంటాలని అదే ఏడాది గురువులకు చెప్పినవారు ఆయన. వెండి దండాలన్నిటికంటె ఆ చెక్క ముక్కే కాపరి కర్రకు దగ్గరిదని నా అభిప్రాయం.

తెలుగునేలకూ ఈ దండంతో సంబంధం ఉంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై దోర్నకల్ పీఠానికి వచ్చారు. ఆయన మందలో అధికులు ఊరి బయట బతికిన మాల, మాదిగ కుటుంబాలవారు. ఆయన ఎడ్లబండిపై వారి పల్లెలు తిరిగారు. కర్నూలు జిల్లాలో పుట్టిన దళితుడు పూల ఆంథోని హైదరాబాద్ అగ్రపీఠాధిపతి హోదాలో 2022 ఆగస్టు 27న తొలి తెలుగు కార్డినల్ అయ్యారు.

దండం అందుకోవడం గురించి ఇంత చెప్పుకున్న తరువాత, దించడం గురించి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో క్రైస్తవ వేసవి శిబిరాలు నడిపిన జాన్ స్మిత్ అనే న్యాయవాది దశాబ్దాల కిందట వందమందికి పైగా బాలురను, యువకులను హింసించినట్లు 2024 నవంబరులో వెలువడిన విచారణ నివేదిక తేల్చింది. 2013లోనే విషయం తెలిసిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ చేయవలసినంత చేయలేదని కూడా అందులో ఉంది. ఆయన హింసకు పాల్పడలేదు, ముల్లుమొనతో ఎవరినీ పొడవలేదు. వెదకవలసినంత వెదకలేదన్నదే అభియోగం. యెహెజ్కేలు గ్రంథంలోని అభియోగం కూడా అదే. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే రాజీనామా ప్రకటించి, 2025 జనవరి 6న లాంబెత్ ప్రాసాద ప్రార్థనాలయంలో ఆయన తన దండాన్ని దించి బాధ్యతల నుంచి వైదొలిగారు. ఆలస్యమైందని బాధితులు అన్నారు, ఆ మాట కాదనలేం. స్మిత్ 2018లోనే మరణించాడు, ఏ న్యాయస్థానమూ అతనికి శిక్ష వేయలేదు.