కిరాయి మనది, ఇంటర్నెట్ లైన్ మాత్రం వాళ్లిష్టం

ఊరిడిసి పట్నం వోయి నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ల రూం తీసుకున్నోళ్లకు గీ ముచ్చట ఎరుకే. నెట్ ఏది పెట్టుకోవాలె అని వాచ్‌మన్‌ను అడిగితే ఒక్కటే కంపెనీ పేరు చెప్తడు. వేరేది పెట్టుకుంటం అన్నా అంటే, "అసోసియేషనోళ్లు లోపలికి రానియ్యరు" అంటడు. కిరాయి కట్టేది మనం, నెట్ బిల్లు కట్టేది మనం. ఏ లైన్ రావాల్నో చెప్పేది ఇంకెవరో.

మరి చట్టం ఏమంటది? 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంల 12వ సెక్షన్ ఉంది. ప్రైవేటు జాగల కేబుల్ వేయాల్నంటే ఆ జాగ ఎవరి చేతుల ఉందో వాళ్లకు కంపెనీ దరఖాస్తు పెట్టుకోవాలె. ఇద్దరు మాట్లాడుకొని, పైసలు ఎంతో తేల్చుకొని ఒప్పందం రాసుకోవాలె. జాగ ఉన్నోళ్లు ఒప్పుకోకపోతే, అది ప్రజల అవసరమని కేంద్రానికి అనిపిస్తే, ఆ దారి హక్కును సర్కారే తీసుకోవచ్చు. దీని రూల్స్ 2025 జనవరి 1 నుంచి అమల్ల ఉన్నయ్.

వినడానికి మంచిగనే ఉంది. గని మళ్లొక్కసారి చదువుండ్రి. కంపెనీ ఉంది, ఓనర్ ఉన్నడు, సర్కార్ ఉంది. లోపల బతికే కిరాయిదారు యాడున్నడు? అమీర్‌పేటల మూడో అంతస్తుల నలుగురు పోరగాళ్లకు నచ్చిన నెట్ వస్తలేదని ఢిల్లీల ఎవరన్న "ప్రజల అవసరం" అని ఫైలు కదుపుతరా?

ట్రాయ్ 2017లనే ఒక మాట చెప్పింది. బిల్డింగుల లోపలి కేబుళ్లు, పైపులు కంపెనీలన్నీ పంచుకోవాలె, వేరేటోళ్లను రానియ్యకుండ ఒక్క కంపెనీ ఒప్పందం రాసుకుంటే దాన్ని లైసెన్స్ ఉల్లంఘన కింద చూడాలె అని. అయితే అది సిఫార్సు. పైంగ, లైసెన్స్ ఉండేది కంపెనీకి, అసోసియేషన్‌కు కాదు. 2024ల బిల్డింగులకు నెట్ ఎట్ల వస్తదో చూసి స్టార్ రేటింగ్ ఇచ్చే పద్ధతి సుత తెచ్చిన్రు. రేటింగ్ కోసం ముందుకొచ్చిన బిల్డింగులకే అది.

ఓనర్ల బాధ ఉత్తదేం కాదు. ఒకడొచ్చి గోడకు తొర్ర వెడ్తడు, ఇంకొకడు లిఫ్ట్ పక్కపొంటి వైర్లు వేలాడదీసి పోతడు, వానకాలం నీళ్లు దిగితే ఫోనెత్తే దిక్కుండదు. ఈ పంచాయితీ అమెరికాల ఎప్పుడో సుప్రీంకోర్టు దాక పోయింది. జీన్ లొరెట్టో అనే ఆమె 1971ల న్యూయార్క్‌ల అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ కొన్నది. చూస్తే మిద్దె మీద కేబుల్ కంపెనీ వైరు, డబ్బాలు. అడ్డుకునే హక్కు ఓనర్లకు లేదని రాష్ట్ర చట్టం. పరిహారం ఒక్క డాలర్! 1982ల కోర్టు ఏమన్నదంటే, వైరు ఎంత చిన్నదైనా శాశ్వతంగ జాగ ఆక్రమించినట్టే, పరిహారం ఇయ్యాల్సిందే. ఎంతనేది కింది కోర్టులకు వదిలింది. అంటే ఓనర్‌కు దక్కింది పైసల హక్కు. వైరే వద్దనే హక్కు కాదు. మన దగ్గర ఈ రెండు కలిపేసి మాట్లాడుతున్నరు.

అదే అమెరికాల ఒక్క కంపెనీకే బిల్డింగ్ రాసిచ్చే ఒప్పందాలను 2008 నాటికే ఆపిన్రు. వేరే కంపెనీ రాకుండ చేసే కమీషన్ ఒప్పందాలను 2022ల బంద్ చేసిన్రు. బ్రిటన్ 2021 చట్టం ఇంకో తీరు. అక్కడ కథ మొదలయ్యేదే లోపల ఉండేటోడు "నాకు కనెక్షన్ కావాలె" అన్న కాడి నుంచి. కంపెనీ నోటీసుల మీద నోటీసులు పంపినా ఓనర్ ఉలకకపోతే, ట్రిబ్యునల్ దారి ఇయ్యొచ్చు. ఓనర్ జవాబిస్తే మాత్రం ఈ దారి పనికిరాదు, అదే దాని లోటు. అయినా అడిగే నోరు కిరాయిదారుకు ఇచ్చింది.

మన రూల్స్‌ల గీ ఒక్క లైన్ చేర్చాలె. కిరాయిదారు రాసిచ్చిన దరఖాస్తుకు అసోసియేషన్ గడువు లోపల రాతపూర్వకంగ జవాబియ్యాలె, వద్దంటే కారణం చెప్పాలె. తొర్ర వెట్టిన కంపెనీయే పూడ్చాలె. అప్పటిదాక, అడ్వాన్స్ చేతుల పెట్టకముందే ఏయే కంపెనీల లైన్లు పైకొస్తయో అడగుండ్రి, ఆ మాట అగ్రిమెంట్ల రాయించుకోండ్రి. అసోసియేషన్‌ల మెంబర్ మన ఓనరే, అక్కడ గట్టిగ అడగాల్సింది ఆయనే.