చార్టు ఏ బండికి ఆ బండిదే

తమిళంలో చదువుకున్నవాణ్ణి, తప్పులుంటే దిద్దండి.

మా మనవళ్లిద్దరూ ఒకే కంప్యూటర్లో స్కైరిమ్ ఆడతారు. ఆటకు బయటివాళ్లు చేసిన చేర్పులే మాడ్‌లు. వాటికి మాడ్ ఆర్గనైజర్‌లో చెరొక ప్రొఫైల్. మాడ్‌లను కుదిర్చే బ్యాష్డ్ ప్యాచ్‌ను చిన్నవాడు తయారుచేస్తే, అది పెద్దవాడి ప్యాచ్ మీద పడింది. వాడి ఆట తెరుచుకోలేదు. రెండు రోజులు మాటల్లేవు.

తప్పు చిన్నవాడిది కాదంటాను. ప్రొఫైళ్లు వేరైనా ఓవర్‌రైట్ ఫోల్డర్ ఒక్కటే. ప్యాచేమో ఆ ప్రొఫైల్ మాడ్‌లనూ వాటి వరుసనూ చూసి తయారయ్యేది. పెట్టెలకు చార్టులు అంటించే రోజుల్లో ఒక బండి చార్టు ఇంకో బండికి అంటిస్తే ప్రయాణికులు ఊరుకునేవారా? తయారైన ప్యాచ్‌ను వెంటనే విడి మాడ్‌గా తీసి, ప్రొఫైల్ పేరు పెట్టి, అక్కడ మాత్రమే టిక్ చెయ్యాలి. మాడ్‌లు మారితే మళ్లీ చేసుకోవాలి.

మీ పిల్లలూ ఇట్లా కొట్లాడుకుంటే ముందు ఫోల్డర్ చూడండి, తర్వాత తిట్టండి.