లీలావతి నుంచి తోటరాముడి తల్లి దాకా

ఫిబ్రవరి 6 తెలుగు సినిమా పుట్టినరోజు. 1932లో ఆ రోజున బొంబాయిలో ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. చాలా ఏళ్లు మనం 1931 సెప్టెంబరు 15 అని రాసుకున్నాం. ఆ తేదీ కోసం ఒలికించిన సిరాలో సగమైనా అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయికి దక్కలేదు.

కళింగపట్నం చుట్టుపక్కల పల్లెల్లో తూర్పు భాగోతం చూసినవాళ్లకు ఆమె ఎంత సాహసం చేసిందో వేరే చెప్పనక్కర్లేదు. మద్దెల జోరులో జడ ఊపుకుంటూ వచ్చే సత్యభామ మగవాడే. విజయనగరంలో 1892లో ‘కన్యాశుల్కం’ ఆడిన కాలమూ అలాంటిదే. కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక సమాజం మాత్రం తమ ఇంటి ఆడవాళ్లనే రంగం ఎక్కించింది. తల్లి దమయంతి వేషంలో ఉండగానే కమలాబాయి పుట్టిందని, జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారని చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, రంగస్థలమే ఆమెకు పుట్టిల్లు.

అప్పట్లో ప్లేబ్యాక్ లేదు. వాద్యగాళ్లు కెమెరాకు కనబడకుండా నక్కి వాయిస్తుంటే, నటి అభినయిస్తూనే మైకుకు అందేలా పాడాలి. గొంతు లేనివాళ్లకు వేషం లేదు.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి లెక్క మారిపోయింది. 1951లో ‘పాతాళభైరవి’లో కమలాబాయి తోటరాముడి తల్లి. రాముడు ఎన్టీఆర్, పాట మాత్రం మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాలది. రాకుమారి వేషం కట్టిన మాలతికి గొంతు పి.లీల. తన పాట తానే పాడుకున్న తొలి కథానాయిక, అరువు గొంతుల నాయికానాయకుల పక్కన అమ్మగా నిలబడింది. మరో రెండేళ్లకు విజయనగరం అమ్మాయి పి.సుశీల వచ్చింది. ఆ తర్వాత కథానాయికలకు పాట రావాల్సిన పనే లేకపోయింది. మనకు లాభమే, కాదనను. పోయినదాన్ని ఎవరూ లెక్కెట్టలేదంతే.

పాట ఇలా చేయి జారింది మన దగ్గరే కాదు. అమెరికాలో డొరొతీ డాండ్రిడ్జ్ పేరున్న గాయని. 1954 నాటి ‘కార్మెన్ జోన్స్’తో ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి నల్లజాతి మహిళ. అందులో ఆమె పాటలు పాడింది మాత్రం మెరిలిన్ హోర్న్ అనే తెల్లజాతి అమ్మాయి. పాడగలిగిన మనిషికే పాట లేకుండా పోయింది!

‘భక్త ప్రహ్లాద’ ప్రింటు మిగల్లేదు. పుట్టినరోజు సభలు జరిపేవాళ్లు ఈసారి వేదిక మీద ఆ సినిమా దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి పటం పక్కన కమలాబాయి పటమూ పెట్టి, ‘పాతాళభైరవి’లో ఆ తల్లి సన్నివేశాలు వేసి చూపించాలి.